తెర కింద డబ్బా

మసాకా దగ్గరి ఒక ఊళ్లో నకిబూలె ఇంట బీరువా మీద ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. బిస్కెట్లు ఏనాడో అయిపోయాయి. ఇప్పుడందులో దూది, గాజుగుడ్డ, కత్తెర, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఖరీదైనవని అపురూపంగా దాచుకున్న ఒక జత రబ్బరు గ్లోవ్స్. నమ్యాలో అనే కూతురు పసిదిగా ఉన్నప్పుడు మరిగే గంజి మీద పడితే, చల్లటి నీళ్లు పోయాలని కూడా తెలియక ఏడుస్తూ కూర్చుంది ఆ తల్లి. తర్వాత చర్చి వరండాలో నర్సమ్మ చెప్పిన పాఠాలు ఒక్కటీ మానలేదు. ఎవరికి వేలు తెగినా ఆ డబ్బా మూత తెరుచుకోవాల్సిందే.

"మాకు దెబ్బ తగిలితే నీకు పండగే," అనేవాడు మొగుడు కబూగో.

"నీకు తగిలితే అసలు మూతే తియ్యను, పో!"

అన్నిటికీ సిద్ధపడ్డ మనిషి ఒక్కటి మరిచిపోయింది. దెబ్బ అల్లుడికి కూడా తగలొచ్చు.

అక్కడి ఆచారం ప్రకారం, అల్లుడు సెబ్బోవా వస్తే ఆవిడ తెర వెనక మోకాళ్ల మీద కూర్చుని పలకరించాలి. మొహం చూడకూడదు, చెయ్యి తగలకూడదు. తగిలితే వణుకు పట్టుకుంటుందనీ, చచ్చేదాకా వదలదనీ అమ్మమ్మల నాటి భయం.

ఒక రోజు మామగారి తోటలో అరటి గెల కొడుతుంటే కత్తి జారి సెబ్బోవా మోచేతి కింద లోతుగా దిగింది. కబూగో అతన్ని నడిపించుకొచ్చి ముందు గదిలో చాప మీద పడుకోబెట్టాడు. ఇరుగుపొరుగంతా సంతకెళ్లారు.

నకిబూలె తెర కింద నుంచి డబ్బా తోసింది. "గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా నొక్కు!"

"నొక్కుతున్నానే!"

"ఎక్కడ నొక్కుతున్నావయ్యా? కళ్లు తెరిచి చూడు!"

దబ్బుమని చప్పుడైంది. కోడిని కోస్తేనే కళ్లు తిరిగే మనిషి, అల్లుడి పక్కనే వాలిపోయాడు.

తెర అడుగున చాప అంచు ఎర్రబడుతోంది. "అమ్మా, చలేస్తోంది," అన్నాడు సెబ్బోవా సన్నగా.

నెలలు నిండిన కూతురు ఆవిడ కళ్లలో మెదిలింది. నెత్తిమీదికి ముసుగు లాక్కుని, "బాబూ, మొహానికి తువ్వాలు కప్పుకో. వస్తున్నా," అంది.

గ్లోవ్స్ తొడుక్కుని, రబ్బరు అడ్డముందిగా, ఇది తగిలినట్టు కాదని తనకు తానే చెప్పుకుంది. అతని చెయ్యి పైకెత్తి ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. రబ్బరు ఫట్‌మంది. ఇన్నేళ్లూ దూది మారుస్తూ వచ్చింది, పొట్లాలు మారుస్తూ వచ్చింది, వాడనివి ఎందుకు పాడవుతాయిలే అని ఈ గ్లోవ్స్ జోలికి మాత్రం పోలేదు. ఏళ్ల తరబడి వేడికి అవి పెళుసెక్కాయి. వేళ్లు బయటికొచ్చి అల్లుడి ఒంటికి తగిలాయి. తీస్తే నెత్తురు చిమ్ముతుంది. ఆవిడ తియ్యలేదు. కబూగో తేరుకుని మోటారు సైకిలు పిలుచుకొచ్చేదాకా అలాగే నొక్కి పట్టుకుంది.

ఆసుపత్రిలో కుట్లు వేశారు, మనిషి దక్కాడు. చిరిగిన గ్లోవ్స్ పొయ్యిలో పడేసి, ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఏళ్లు గడిచాక నకిబూలె చేతులు వణకడం మొదలైంది. అల్లుణ్ణి తాకి ఉంటుందని నీళ్ల దగ్గర ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. సెబ్బోవా మాత్రం వచ్చినప్పుడల్లా కొత్త గ్లోవ్స్ తెచ్చి తెర కింద నుంచి తోసేవాడు. ఒకసారి అలా తోశాక కూడా అక్కణ్ణుంచి లేవలేదు.

"అమ్మా, ఆ రోజు రబ్బరు చిరిగింది కదూ? మీ వేళ్ల వెచ్చదనం నాకు తెలిసింది. ఈ వణుకు నా వల్లేనా?"

"ముసలితనం నాయనా!" అంటూ గ్లోవ్స్ డబ్బాలో పెట్టింది. "పోనీ, నీ వల్లే అనుకో. అయితే ఏంటట? నా కూతురింట్లో నీ గొంతు వినబడుతోంది. వణికితే వణకనీ, వెధవ చేతులు!"

అటువైపు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడొకటి వచ్చింది.

"ఏడ్చింది చాలుగానీ," అంటూ డబ్బాని అటు తోసింది. "గాజుగుడ్డని చుట్టలుగా చుట్టి పెట్టడం ఇక నా వల్ల కావట్లేదు. నువ్వు చుట్టు. వదులుగా కాదు, బిగువుగా."

"ఇలాగా అమ్మా?"

"నాకెలా కనిపిస్తుందిరా, పిచ్చోడా! వేలితో నొక్కి చూసి చెప్పు."