మొదలు గుర్తు

కొయ్యకు మొదలూ కొనా ఉంటాయి. చెట్టుగా ఉన్నప్పుడు నేలవైపు ఉన్నది మొదలు, ఆకాశం వైపు ఉన్నది కొన. కోసి, చెక్కి, వాకిలిగా చేసి నిలబెట్టినా మొదలు కిందికే ఉండాలి. తలకిందులుగా నిలబెట్టిన వాకిట్లోంచి మా వైపు తెలిసినవాడెవడూ గృహప్రవేశం చెయ్యడు. హిందూపురంలో నా దగ్గర కొయ్యపని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు మొదటిరోజు ఉలి ఇవ్వను, రంపం ఇవ్వను. ఈ ఒక్క సంగతీ చెప్తాను. వాళ్ళు బుద్ధిగా తలూపి ఫోన్లు చూసుకుంటారు. కసురుకోవాలనిపిస్తుంది కానీ నాకు నోరు రాదు. ఈ పాఠం ఎవరి బతుకును పాడుచేసి నేర్చుకున్నానో ఏ బ్యాచికీ చెప్పలేదు.

మాది కనగానపల్లి దగ్గర సేద్యం చేసే ఇల్లు. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. డిగ్రీ తప్పి నేను ఇంట్లో కూర్చున్నాను. ఆ రోజుల్లోనే చెన్నేకొత్తపల్లిలో ఒక పెళ్ళికి పోయి ఆ ఇంటి వాకిలి చూశాను. కింద నుంచి తీగ పాకుతూ పైకి పోయింది, పైన ఒక చిలుక కూర్చుంది. భోజనానికి రమ్మని రెండుసార్లు పిలిచినా నేను అక్కణ్ణించి కదల్లేదు. అది చెక్కినాయన పెనుకొండలో ఉంటాడని తెలిసి, ఆయన దగ్గర పని నేర్చుకుంటానని ఇంట్లో చెప్పాను. మా నాయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"సేద్యం చేసే ఇంట్లో పుట్టి ఉలి పట్టుకుంటావా? ఊర్లో నా మొగం యాడ పెట్టుకోవల్ల?" అన్నాడు.

నాకు రోషం ఎక్కువ. మరుసటి రోజే బస్సెక్కాను.

పెనుకొండ కొండ కింద రేకుల షెడ్డు ఆచారిది. బక్కపలచని మనిషి. చెక్కడానికి కూర్చుంటే నోట్లో ఒక చింతగింజ వేసుకునేవాడు, పని అయిందాకా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండటానికి. నా చేతులు తిప్పి చూసి, "సేద్యగాని చేతులు. బరువెత్తేకైతే పనికొస్తాయి, ఉండు" అన్నాడు. మొదటి ఏడాదంతా ఉలులు నూరాను. వేళ్ళు తెగి అన్నం కలుపుకుంటే భగ్గుమనేవి. తిరిగిపోతే నాయన ముందు తల దించుకోవాలి కాబట్టి ఉండిపోయాను.

కొయ్య ఏది వచ్చినా ఆయన ముందు మొదలు ఏవైపో కనుక్కునేవాడు. సరిగ్గా నడిమికి తాడు కట్టి వేలాడదీస్తే బరువైన కొస కిందికి వాలుతుంది, అది మొదలు. ముడి ఉంటే దాన్ని కూడా చూసేవాడు. "కొమ్మ ఎప్పుడూ పైకే పోతాది కదప్పా. ముడి యాపక్క వాలిందో చూస్తే కొన యాపక్కో అదే చెప్తాది" అనేవాడు. రెండు రకాలుగా చూసుకుని, ఒకసారి అరచేత్తో నిమిరి, అప్పుడు మొదలువైపు ఉలితో ఏటవాలుగా రెండు గాట్లు పెట్టేవాడు. ఆ గాట్లు ఆయనే పెట్టాలి. వేరేవాళ్ళను పెట్టనిచ్చేవాడు కాదు.

నేను చేరిన నాలుగో ఏడు ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇల్లు కడుతూ సింహద్వారం పని ఇచ్చాడు. మంచి టేకు. వాకిలికి రెండు పక్కలా నిలబడే కొయ్యల్ని నిలువులంటాం. రెండు నిలువులకూ ఆచారి గాట్లు పెట్టి, పని మీద కదిరికి పోతూ, వాటిని కోత మిషన్‌కు తీసుకుపోయి కొసలు సైజు చేయించుకు రమ్మన్నాడు. గాట్లున్న వైపు ముట్టుకోవద్దని చెప్పాడు. నేను మిషన్ దగ్గర ఎవరితోనో మాటల్లో పడ్డాను. వాళ్ళు నిలువులను అటూ ఇటూ తిప్పి కోశారు, ఆటోలో వేశారు. షెడ్డులో దించుకున్నాక చూస్తే ఒక నిలువుకు గాట్లున్నాయి, రెండోదానికి లేవు. రెండు కొసలూ కొత్తగా కోసి ఉన్నాయి.

తాడు కట్టి చూస్తే తేలిపోయేది. ఒక్కడినే ఎత్తలేను, ఎవరినైనా పిలిస్తే ఆయన చెవిన పడుతుంది. ముడి కోసం వెతికాను. నిజం చెప్పాలంటే వెతికినట్టు నటించాను, చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా. సాయంత్రానికి ఆయన వచ్చేస్తాడు. "మొద్దు నాయాలా, చెప్పిన పనొక్కటీ చేతకాదా" అంటాడు. ఆ ఒక్క మాట పడలేక, ఆయన ఉలి తీసుకుని, నాకు తోచిన కొసకు ఏటవాలుగా రెండు గాట్లు పెట్టాను. అచ్చం ఆయన పెట్టినట్టే వచ్చాయి. సిగ్గులేకుండా కాసేపు మురిసిపోయాను కూడా.

ఆయన వచ్చి గాట్లు చూసుకుని, నోట్లో చింతగింజ వేసుకుని చెక్కడం మొదలుపెట్టాడు. కింద కలశం, కలశంలోంచి తీగ, తీగకు మొగ్గలు. మొదటిరోజు చెప్పి ఉంటే తిట్టు పడేది, అంతే. వారం తర్వాత చెప్పి ఉంటే వారం పని పోయేది. నెలలు గడిచాయి. ఆయన చిలుక కన్ను దగ్గరికి వచ్చేసరికి నాకు నోట మాట పెగిలే దారే లేదు.

ముహూర్తం నాటి పొద్దున ధర్మవరంలో పందిరి, మేళం, చుట్టాలు. నిలువులకు పసుపు పూసి కుంకుమ పెట్టారు. నలుగురు పట్టుకుని మొదటి నిలువు నిలబెట్టారు. రెండోదాన్ని నడుము దగ్గర పట్టుకుని ఎత్తగానే చిలుక ఉన్న కొస నేలకు వాలింది. ఆచారి "ఆగండి" అన్నాడు. దించమన్నాడు. తాడు తెప్పించి నడిమికి కట్టి ఎత్తించాడు. మళ్ళీ చిలుకే కిందికి వాలింది. వంగి, పసుపు తుడిచి, తీగ ఆకుల మధ్య ఎక్కడో ఉన్న చిన్న ముడిని చాలాసేపు చూశాడు. నేను నవధాన్యాల మూట పట్టుకుని ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.

"సామీ, ఇది తలకిందులైంది. నా చెయ్యి తప్పింది. దీన్ని నేను నిలబెట్టను" అన్నాడు వ్యాపారితో.

"ముహూర్తం పూట ఇదేం మాట ఆచారీ! నలుగురిలో నోరు జారేస్తివే, ఇంగ నేను ఈ ఇంట్లో ఎట్లుండల్ల?" అని ఆ మనిషి కూలబడ్డాడు. ఆడవాళ్ళు ఏడ్చారు. మేళం ఆగిపోయింది. వాకిలి లేకుండానే ముహూర్తం దాటిపోయింది.

నిలువులను టెంపోలో వేసుకుని వెనక్కి వచ్చాం. దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు, నోట్లో చింతగింజ లేకపోయినా. గాట్లు నావని కనిపెట్టి కూడా నన్ను కాపాడటానికే తప్పు తన మీద వేసుకున్నాడనుకున్నాను. ఎంత పెద్ద మనసు అని కన్నీళ్ళు పెట్టుకున్నాను. ఆ కన్నీళ్ళు ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాత ఆయనను వాకిలికి పిలిచినవాళ్ళు లేరు. ఆయన కూడా మళ్ళీ నగిషీ ఉలి పట్టలేదు. చపాతీ కర్రలు, పీటలు, మంచం కోళ్ళు చేశాడు. కొన్నాళ్ళకు, "నీకు నేర్పేకి నాకాడేం లేదప్పా. హిందూపురం పో" అన్నాడు. వచ్చేశాను. ఫర్నిచర్ షాపులో సోఫాలు చేశాను. చెక్కే మిషన్లు వచ్చాక మిషన్ పక్కన నిలబడి దుమ్ము ఊడ్చాను. చివరికి ఒక శిక్షణ కేంద్రంలో నగిషీ నేర్పే పని దొరికింది. నేర్పేటప్పుడు నా చేతుల్లోంచి వచ్చేవన్నీ ఆయన మాటలే.

పోయిన ఏడాది, ఒక్కరోజు వచ్చి మా పిల్లలకు పని చూపించమని అడగడానికి పెనుకొండ పోయాను. పదిహేనేళ్ళు దాటింది చూసి. షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లోపల గోడకు ఆనించి ఆ నిలువు ఉంది. మొదలు కిందికి పెట్టి నిలబెట్టాడు. తీగ తలకిందులుగా నేలకు పాకుతోంది, చిలుక కాళ్ళు పైకి పెట్టి వేలాడుతోంది.

నా మాటంతా విని ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేనేం చూపించల్లప్పా పిల్లోళ్ళకు? రెండు తూర్లు తూచి, ముడి చూసి పెట్టిన గాటు. అదే తప్పిపోయిందంటే ఈ చెయ్యికి మొదలూ కొనా తెలీకుండా పోయిందని కదా. ఆ పొద్దు నుంచీ దీన్ని నమ్మలేదు నేను" అని తన అరచెయ్యి నాకు చూపించాడు.

ఆయనకు తెలియదు. ఇన్నేళ్ళూ తెలియదు. కాపాడటమూ లేదు, క్షమించటమూ లేదు. ఆయన నిజంగానే తన చెయ్యి తప్పిందని నమ్మి, పని వదిలేసి కూర్చున్నాడు. అప్పుడైనా నేను నిజం చెప్పలేదు. "వస్తా సామీ" అని లేచి బస్‌స్టాండుకు దాదాపు పరిగెత్తాను. ఇంటికి వచ్చాక చచ్చిపోతే బాగుండుననిపించింది, చస్తే ఆయనకు ఇంక ఎప్పటికీ తెలియదని కూడా అనిపించింది.

అట్లా నెలన్నర గడిచింది. ఒకరోజు క్లాసులో మడకశిర వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒక కొయ్య మోసుకొచ్చి నా ముందు దించింది.

"సార్, మిషన్‌లో రెండు పక్కలా కోయించేసినా. గుర్తు పోయింది. మొదలు యాపక్కో తెలీలేదు. తప్పు నాదే, తిట్టండి" అంది.

అంతే. ఆ మాట చెప్పడానికి ఆమెకు నిమిషం పట్టలేదు. ఇద్దరం తాడు కట్టి చూశాం, తేలిపోయింది. ఆమె గుర్తు పెట్టుకుని తన పనిలోకి పోయింది. నేను సెలవు చెప్పి పెనుకొండ బస్సెక్కాను.

కూర్చోకుండానే చెప్పాను. మిషన్ దగ్గర కబుర్లు, పోయిన గాట్లు, ఆయన ఉలి, అంతా. ఆయన లేచి లోపలికి పోయి ఆ నిలువు కొసన ఉన్న గాట్లను వేలితో తడిమాడు.

"ఇవి నువ్వు పెట్టినావా?"

"పెట్టినా సామీ."

"నావే అనుకున్నా కదప్పా" అన్నాడు. రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. "అయితే దీంది తప్పు లేదు. ఊరికే కూచోబెట్టినా దీన్ని" అని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. కాళ్ళ మీద పడ్డాను. లేవమని అనలేదు, తోసెయ్యనూ లేదు.

చాలాసేపటికి మూలనున్న వేపకొయ్య చూపించి, తాడు కట్టమన్నాడు. కట్టి, దూలానికి వేలాడదీశాను. ఆయన వాలిన కొస చూశాడు, ముడి చూశాడు, అరచేత్తో నిమిరాడు. "ఇది మొదలు" అన్నాడు. సరిగ్గా చెప్పాడు. ఉలి అడిగి తీసుకున్నాడు. కొయ్య మీద ఆనించాడు కానీ ఉలి నిలవలేదు, జారి పక్కకు గీసుకుపోయింది. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ జారింది.

ఉలి నా చేతికిచ్చాడు.

"నువ్వే పెట్టు. నా గాటు నీకు బాగా వచ్చు కదా" అన్నాడు.

పెట్టాను. ఏటవాలుగా రెండు గాట్లు. ఆయన వాటిని వేలితో తడిమి చూశాడు. తర్వాత కొయ్యను మెల్లగా తిప్పి, రెండో కొసకు కూడా గాట్లేమైనా ఉన్నాయేమోనని తడిమి చూసుకున్నాడు.