మంచం మీంచి వాలుగల వేట

లోతుమావ నలభై ఏళ్ళు పడవలో నిలబడి గాలం వేశాడు గానీ ఒక్కసారైనా నీళ్ళలో పడలేదు. అలాంటివాడు వంటగదిలో బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. డాక్టరు తొడ దాకా పిండికట్టు వేసి, రెండు నెలలు మంచం దిగొద్దని చెప్పి పంపించాడు. ఆ మాట గోడకు చెప్పినా కాస్త వినేది.

ఒకచోట కూర్చునే మనిషి కాదతను. కాలు కాలిన పిల్లిలా తిరగడమే ఎప్పుడూ. ఇప్పుడు కాలు కదలదు కాబట్టి ఆ తిరుగుడంతా కళ్ళలోకీ నోట్లోకీ చేరింది. మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించుకున్నాడు. అక్కణ్ణించి జలాశయం సగం కనిపిస్తుంది. ఎవరి పడవ ఎటు పోతోందో చూడటం, వాళ్ళ తెలివితక్కువతనానికి తల కొట్టుకోవడం, దుప్పటి తన్నేయడం, మళ్ళీ లాక్కోవడం, ఇదే పని.

ఊరికే కాదు ఆ ఆరాటం. ఏడాది మొత్తంలో పెద్ద వాలుగ చేపలు పడేది ఆకులు రాలే ఈ నెలా నెలన్నరలోనే. పైగా రేవు సంఘానికో నియమం ఉంది. ఈ వేటకాలంలో ఏ పడవైనా వరసగా పది రోజులు తూకం బల్ల మీద చేప పెట్టకపోతే, రేవులో ఆ పడవ కట్టే కొయ్య తర్వాతి వంతు వాళ్ళకి పోతుంది. జబ్బులూ చుట్టాలూ అంటూ సాకులు చెల్లవు. ఆ నియమం పెట్టి తీరాలని గొంతు చించుకున్నది ఎవరో కాదు, లోతుమావే. పడవ కట్టేసి చోటు ఆక్రమించుకునే బద్ధకస్తులంటే అతనికి అంత మంట. ఇప్పుడది తన మెడకే చుట్టుకుంది. కొయ్య పోతే మళ్ళీ వంతు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అరవై దాటినవాడికి ఇక వేట లేనట్టే.

అందుకని పడవ భార్య తీసింది. పాతికేళ్ళుగా ఆ పడవలో తెడ్డు ఆమెది, గాలం అతనిది. ఇప్పుడు రెండూ ఆమెవే. ఆనకట్ట వైపు పంపు గదికి ఎదురుగా లంగరు వేయమనీ, తొమ్మిది బారల లోతుకి గాలం దించమనీ, ఒక్క బార కూడా అటూ ఇటూ చేయొద్దనీ మంచం మీంచే హుకుం జారీ చేశాడు. ఆమె సరేనంది. తెల్లారకముందే వెళ్ళడం, పొద్దుగూకాక ఖాళీ బుట్టతో రావడం. ఆరోజు, ఆ మర్నాడు, ఆ పైరోజు. తూకం వేసే మనిషి నవ్వుతూ, తడిసిన తెడ్డునైనా తూచమంటావా వదినా అని అడిగాడట.

మూడోనాటి సాయంత్రం ఆమె నీళ్ళు కుళ్ళిన ఆకుల వాసన వేస్తున్నాయని చెప్పింది. అది పంపు గది డీజిలు వాసనని అతను కొట్టిపారేశాడు. నీకు జలుబు చేసుంటుందని కూడా అన్నాడు.

నిజానికి ఆ వాసన ఏమిటో అతనికి తెలియంది కాదు. రాత్రుళ్ళు చలి ముదిరితే పైనీళ్ళు చల్లబడి, బరువెక్కి అడుక్కి దిగుతాయి. అడుగున వేసవంతా కదలకుండా పడున్న నీళ్ళు బురద వాసనతో పైకొస్తాయి. నీళ్ళు తిరగబడ్డాయంటారు దాన్ని. అప్పుడు లోతులో చేప నిలవదు. కాకపోతే ఏటా ఆ సంగతి చేత్తో నీళ్ళు ముట్టి, ముక్కుతో వాసన చూసి తెలుసుకునేవాడు. కిటికీలోంచి చూస్తే నీళ్ళు ఎప్పటిలాగే తళతళలాడుతున్నాయి. అవి తిరగబడటానికి ఇంకా రెండు వారాలుందని లెక్కేశాడు.

ఎనిమిదో రోజూ ఖాళీయే. ఆ రాత్రి అతను కంటి మీద కునుకు లేకుండా గడిపాడు. తొమ్మిదోనాడు తెల్లారేసరికి మంచు కమ్మేసి, రేవు కూడా కనిపించలేదు. పడవ ఎక్కడుందో తెలియదు. గాలి ఎటు వీస్తోందో తెలియదు. కిటికీ రెక్క తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. దారిన పోయేవాళ్ళందరినీ కేకేసి అడిగాడు. కొయ్య పోయినట్టే అనిపించింది.

మధ్యాహ్నం దాటాక ఆమె వచ్చింది. రెండు వాలుగలు పడ్డాయి. పదకొండు కిలోలది తూకం బల్ల మీద పెట్టి, చిన్నది ఇంటికి తెచ్చింది. కొయ్య నిలబడింది.

"నువ్వు చెప్పిన చోటే. సరిగ్గా తొమ్మిది బారల్లో," అంది.

లోతుమావ ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. పక్కింటి మేస్త్రీని పిలిచి, మంచంలో ఉండి వేటాడేవాణ్ణి ఎక్కడైనా చూశావా అని కిటికీలోంచి అరగంట గొప్పలు చెప్పాడు. తర్వాత చేప తనే కోస్తానని పట్టుబట్టి, ఒళ్ళో పీట పెట్టించుకున్నాడు.

పొట్ట చీల్చాడు. లోపల ఏడు చిట్టిచేపలున్నాయి. ఇంకా అరగలేదు, వెండిరంగు కూడా పోలేదు. వాగు నీళ్ళు వచ్చి కలిసే చోట, గట్టు వారన, మనిషి లోతు దాటి దిగని చేపలవి. పంపు గది దగ్గర తొమ్మిది బారల్లో అవి వలేసి వెతికినా దొరకవు.

చేతిలోని కత్తిని పీట మీద పెట్టేశాడు. ఎనిమిది రోజులు తన మాట విని ఆమె ఖాళీ చేతులతో వచ్చింది, రేవులో మాటలు పడింది. తొమ్మిదోనాడు తన దారిన వెళ్ళి కొయ్య దక్కించి, ఆ పేరు కూడా అతనికే ఇచ్చేసింది. మేస్త్రీకి చెప్పిన గొప్పలు గుర్తొచ్చి, దుప్పటి మొహం మీదికి లాక్కోవాలనిపించింది.

ఆమె అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది.

"ఏమే, ఎక్కడేశావు గాలం?"

"చెప్పా కదయ్యా, పంపు గది దగ్గరని."

"అది కాదు. రేపు కూడా పడాలి కదా. నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు."

ఆమె కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, పీట మీదున్న ఏడు చేపల్నీ చూసింది, అతన్నీ చూసింది. మంచం అంచున కూర్చుంది.

"వాగు కలిసే చోట. రెండు బారలు కూడా ఉండదు," అంటూ మొదలుపెట్టింది. మంచు విడిచాక పక్షులు ఎక్కడ మునిగాయో, పడవని ఎండ పడే గట్టు వైపు ఎందుకు తిప్పిందో, ఎరని అడుక్కి తగలనీయకుండా ఎలా లాగిందో చెబుతూ పోయింది. లోతుమావ మధ్యలో రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ మూసుకున్నాడు.