టేబుల్ లేని ఇల్లు

ఇళ్ల నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్‌లో గోడలన్నీ లేపాక కూడా ఒక్కోసారి గదికి నేల రాదు. చుట్టూ నాలుగు గోడలుంటాయి, తలుపుంటుంది, కిటికీ ఉంటుంది, అడుగున మాత్రం ఖాళీ. కొత్తవాళ్లయితే అన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెడతారు. నేను చెరపను. ఒక్కో మూలకూ వెళ్లి, బొమ్మను పెద్దది చేసుకుంటూ చూస్తాను. ఎక్కడో ఒకచోట రెండు గోడలు కలిసినట్టే కనబడుతూ కలవకుండా ఆగిపోయి ఉంటాయి. వెంట్రుకంత సందు. అది మూస్తే నేల దానంతటదే పరుచుకుంటుంది.

నారాయణగూడ మార్కెట్ వెనక, వంటగదులు, అల్మారాలు చేయించి ఇచ్చే ఆఫీసులో నా పని ఇదే. మెట్లు పైకప్పుకు తగిలి ఆగిపోయినా, తలుపు తెరిస్తే ఫ్రిజ్‌లోకి దూరిపోయినా ఆ ఫైలు నా దగ్గరికే వస్తుంది. "మొండి ఫైళ్లన్నీ ఆమెకియ్యండి, మొండికి మొండే కరెక్ట్" అంటారు మా సార్. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసంతటికీ తెలుసు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. మావాళ్లు నా పెళ్లి చేసి చూశారు. ఇల్లు మాత్రం నేను కంప్యూటర్లో కట్టుకోవలసి వచ్చింది.

మా ఆయన నాకు మేనబావ. గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటాడు. నేను చిక్కడపల్లిలో మా అన్నావదినల దగ్గర ఉంటాను. రెంటికీ మధ్య దూరం చేతిలో టీ చల్లారేలోపు నడిచేంత. పెళ్లినాడే మా మామ అందరి ముందూ చెప్పేశాడు: "నౌకరీ వచ్చినంకనే కాపురం. అప్పటిదాంక ఎవరి కాడ వాళ్లుండున్రి." కొన్ని నెలల మాటే కదా అనుకున్నాం. నోటిఫికేషన్ వచ్చింది, పరీక్ష వాయిదా పడింది, రాస్తే ఫలితం ఆగింది. రెండేళ్లు గడిచిపోయాయి. "ఏం బిడ్డా, ఇంకా అత్తగారింటికి పోలేదా?" అని పాలప్యాకెట్ కోసం వెళ్లినా అడిగేవారు. పెళ్లయి పుట్టింట్లో ఉన్నదానికి వాడకట్టంతా అత్తలే.

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ చిక్కడపల్లి లైబ్రరీ సందులో టీ బండి దగ్గర ఆగేదాన్ని. బావ పుస్తకాల సంచితో వచ్చేవాడు. వెంట వచ్చిన రూమ్‌మేట్లు "నమస్తే వదినా" అనేసి, మర్యాదగా అవతలి బండి దగ్గరికి తప్పుకునేవారు. ఆ కాసేపట్లో అన్నం తిన్నావా, తలనొప్పి తగ్గిందా అని అడిగేసరికే గ్లాసులు ఖాళీ అయ్యేవి. తర్వాత తను అటు, నేను ఇటు. సొంత మొగుడి మీద బెంగ పెట్టుకోవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. పొద్దున లేచేసరికి తను ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో కూడా తెలియని భార్యను నేను. బెంగ పెట్టుకోక ఏం చేయను?

మా ఇంటికి రెండు సందుల అవతల, ఇస్త్రీ షాపు మీద ఒక గదికి టులెట్ బోర్డు కనబడింది. ఊరికే చూస్తానని పైకి వెళ్లి, ఇంటావిడ కిందికి దిగగానే టేపు తీసి కొలిచేశాను. ఒక గది, ఒక్క మనిషి నిలబడేంత వంటిల్లు, బాత్రూమ్. మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ బయటికెళ్లాక దాన్ని సాఫ్ట్‌వేర్‌లో కట్టడం మొదలుపెట్టాను. నేల రాలేదు. వంటింటి మూల వంకరగా ఉండటం వల్ల అక్కడ గోడలు కలవలేదని ఎంతో వెతికితే గాని దొరకలేదు. నేల వచ్చిన రోజున, కస్టమర్ల ఇళ్లలో ఎన్నడూ లేనిది, నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

ఇక సర్దుకోవడమే. డబుల్ కాట్ వేశాను. చిన్న భోజనాల బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు. దేవుడి అల్మారా. కిటికీకి ఆకుపచ్చ పరదా.

సార్‌ను అడిగి ఒక ఆదివారం బావను ఆఫీసుకు తీసుకొచ్చి చూపించాను. లోపల నడుస్తున్నట్టు చూపించే ఏర్పాటు ఒకటి ఉంటుంది అందులో. తలుపు తీసి, లోపలికి వెళ్లి, వంటింట్లోకి తొంగి చూసి, మంచం దాకా వచ్చి ఆగాడు.

"మస్తుంది," అన్నాడు. తర్వాత, "నా పుస్తకాలేడ పెడ్తవ్?" అన్నాడు.

నేను మౌస్‌తో గదిని మెల్లగా చుట్టూ తిప్పాను.

"నేనేడ కూసోని చదవాలె?"

"నౌకరీ వచ్చినంక ఇంకేం చదువుతవ్ బావా?"

"అంటే గీ ఇల్లు నౌకరీ వచ్చినోనికి గీసినవ్." కోపంగా అనలేదు. కంప్యూటర్ వైపే చూస్తూ అన్నాడు. "గిప్పుడున్న నేను దీంట్ల పట్టను."

"ఉన్నవన్నీ వదిలిపెట్టి లేనిదే కనబడ్తదా నీకు?" అని అరిచాను. మెస్ టైమ్ అవుతోందని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత టీ బండి వైపు వెళ్లడం మానేశాను. హిమాయత్‌నగర్ మీదుగా చుట్టు తిరిగి ఇంటికొచ్చేదాన్ని. తనైనా ఫోన్ చేయొచ్చు కదా అని నా కోపం. చేయలేదు. కోపం ఉన్నంతసేపు బాగానే ఉండేది. వదిన అన్నానికి పిలిచినప్పుడు మాత్రం, తను ఏం తిని ఉంటాడోనన్న ఆలోచన ముద్ద దగ్గర అడ్డం పడేది.

చివరికి ఫైలు తెరిచి, టేబుల్ పెట్టి చూశాను. తలుపు సగం తెరవగానే టేబుల్లోకి దూరింది. అటు జరిపితే కిటికీ మూసుకుపోయింది. ఇటు జరిపితే మంచానికీ టేబుల్‌కీ మధ్య మనిషి పట్టడు. తలుపు బయటికి తెరుచుకునేట్టు మార్చాను, అప్పుడు మెట్లకు అడ్డం వచ్చింది. కుర్చీలు తీసేశాను. భోజనాల బల్ల తీసేశాను. ఇంకా ఇరుకే. ఎన్నో మొండి ఫైళ్లు సరిచేసినదాన్ని, నా ఇంటికి వచ్చేసరికి డబుల్ కాట్ తీయడానికి చేయి రాలేదు. ఎన్ని రోజులు దాన్నే అటూ ఇటూ తిప్పానో! తీసేశాక చూస్తే గదిలో మిగతావన్నీ ఒక్కసారిగా ఒదిగాయి. చుట్టి మూలకు పెట్టుకునే పరుపు, కిటికీ కింద టేబుల్, గోడకు పుస్తకాల అర, గ్యాస్ పొయ్యి. అంతే.

అప్పుడు అర్థమైంది నాకు. ఈ ఇంటికి ఏ ఉద్యోగమూ రానక్కర్లేదు. రేపే వెళ్లి ఉండొచ్చు.

బొమ్మను ఫోన్‌లో పంపాను. పక్కన ఒక్క మాట కూడా రాయలేదు. చాలాసేపటికి జవాబొచ్చింది: "వెలుగు కుడి దిక్కుకెల్లి పడ్తది. రాస్తుంటే నా చేతి నీడనే నాకు అడ్డమొస్తది. టేబుల్ జర తిప్పు." చదివి నవ్వాను, ఏడ్చాను, టేబుల్ తిప్పాను.

మరునాడు టీ బండి దగ్గర నా ఎదుటే వాళ్ల నాయినకు ఫోన్ చేశాడు. అవతల మా మామ ఏమన్నాడో తెలియదు. ఇవతల నాకు వినబడింది ఇంతే: "నౌకరీ వస్తే వస్తది నాయినా, లేకుంటే లేదు. రూం అయితే తీసుకుంటున్న." ఫోన్ జేబులో పెట్టుకుని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

అట్నుంచి అటే ఇస్త్రీ షాపు మీద గదికి వెళ్లాం. బోర్డు లేదు. ఇంటావిడ పైనే బట్టలు ఆరేస్తోంది. "మొన్ననే ఇచ్చేసిన బిడ్డా. ముగ్గురు పిలగాండ్లు, చదువుకునేటోళ్లు" అంది. తలుపు తెరిచే ఉంది. చుట్టి పెట్టిన పరుపులు, కిటికీ కింద టేబుల్, దాని మీద మా బావ చదివే పుస్తకాలే.

"మనం పెట్టుకున్న కాడనే పెట్టిండ్రు," అన్నాడు మెల్లగా.

నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. ఇంటావిడ కంగారుపడి నీళ్లు తెచ్చింది. ఒక అద్దె గది కోసం ఏమిటీ ఏడుపు అనుకుని ఉంటుంది పాపం.

ఆపై ఆదివారం నుంచి వెతకడం మొదలుపెట్టాం. బర్కత్‌పురలో అద్దె మాకు అందలేదు. నారాయణగూడలో చూపించిన గదికి కిటికీయే లేదు. కవాడిగూడలో ఒక రెండో అంతస్తు గది బాగుందని ఎవరో చెబితే వెళ్లాం. ఇంటాయన బాల్కనీలో కుండీలకు నీళ్లు పోస్తున్నాడు. నేనింకా మెట్లు ఎక్కుతూనే ఉన్నాను. బావ పెరిగిన గడ్డాన్ని, భుజాన వేలాడుతున్న పుస్తకాల సంచిని చూసి, తల అడ్డంగా ఊపాడాయన.

"బ్యాచిలర్స్‌కు ఇయ్యం బాబూ."

ఇన్నేళ్లలో ఆ మాట ఎన్ని గుమ్మాల్లో విన్నాడో, విని ఎన్నిసార్లు తల వంచుకుని దిగొచ్చాడో నాకు తెలియదు. ఈసారి కదల్లేదు. నేను వచ్చి పక్కన నిలబడేదాకా ఆగాడు.

"బ్యాచిలర్ కాదంకుల్," అన్నాడు మా బావ. "ఫ్యామిలీ."