తేనెరంగు లెన్సుల పెళ్లి

మా అత్తగారికి కళ్లద్దాలంటే గిట్టవు, కొడుకువి తప్ప. మా ఆయన ఎనిమిదో తరగతి నుంచీ అద్దాలతోనే తిరుగుతున్నాడు. పెళ్లిపీటల మీద కూడా అద్దాలతోనే కూర్చున్నాడు, ఒక్క నరమానవుడూ నోరెత్తలేదు. నా అద్దాలు మాత్రం ఎంగేజ్‌మెంట్ నాటి నుంచే ఆమెకు కంట్లో నలుసయ్యాయి.

"ఫోటోలల్ల అద్దాలు మెరుస్తయి వదినా. పెండ్లిపిల్ల గట్ల టీచరమ్మ లెక్క కూసుంటే నలుగురు ఏమంటరు?" అని మా అమ్మకు ఫోన్ చేసింది. మా అమ్మ మెతక మనిషి. మగపెళ్లివారు పగలును రాత్రి అంటే దీపం వెలిగించే రకం. "రెండు రోజులే గద బిడ్డా, ఓర్చుకో" అంది నాతో. నేను నిజంగానే టీచరమ్మను. అందులో సిగ్గుపడాల్సిందేముందో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

పెళ్లి చేర్యాలలో, మా ఇంటి ముందు పందిట్లో. రిసెప్షన్ మరునాడు సిద్దిపేటలో, వాళ్ల ఊళ్లో. రెండింటికీ మేకప్ చేయడానికి అత్తగారే ఒక పార్లర్ ఆవిడను మాట్లాడింది. ఆ మహాతల్లి పెళ్లినాడు తన పెట్టెలోంచి చిన్న డబ్బీ తీసింది. అందులో తేనెరంగు లెన్సులు. సీలు లేదు, ఏమీ లేదు. తాగే నీళ్ల సీసా మూతలో వాటిని ఒకసారి ఆడించి, పౌడరు అంటిన వేళ్లతోనే నా కంటి దగ్గరికి తెచ్చింది.

"ఇంతకుముందు ఎవరికన్న పెట్టినవా ఇవి?" అని అడిగాను.

"అందరు పెట్టుకుంటరక్కా, ఏం గాదు" అంది. నేను అడిగినదానికి అది జవాబు కాదు. బయట పంతులుగారు ముహూర్తం ముంచుకొస్తోందని అరుస్తున్నారు, అమ్మ గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటోంది. పెట్టించుకున్నాను.

అవి రంగు కోసం చేసినవి, చూపు కోసం కాదు. నాకు మైనస్ ఐదు. అద్దాలు లాగేసి పవర్ లేని లెన్సులు పెడితే ఏం కనిపిస్తుంది, నా తలకాయ? పెళ్లికొడుకు నాకు తెల్లటి మసకలాగా కనిపించాడు. తలంబ్రాలు ఆయన నెత్తిన పోశానో, పంతులుగారి నెత్తిన పోశానో ఆ దేవుడికే తెలియాలి. అందరూ నవ్వారు. ఖర్మ, నేనూ నవ్వాను.

సాయంత్రం అప్పగింతలయ్యాక కుడికన్ను ఇసుక పడ్డట్టు గరగరలాడటం మొదలైంది. తీసేద్దామంటే నాకు తీయడం రాదు, జన్మలో లెన్సు ముట్టుకున్న పాపాన పోలేదు. పార్లర్ ఆవిడకు ఫోన్ చేస్తే అప్పటికే ప్రజ్ఞాపూర్‌లో మరో పెళ్లికి వెళ్లిపోయింది. "రేపు రిసెప్షన్‌కు వస్త గదక్కా, గప్పుడు జూస్త" అని పెట్టేసింది. సిద్దిపేటకు కారులో వెళుతూ ఆయనతో చెప్పాను, కన్ను నొప్పి పుడుతోంది, దవాఖానకు పోయి తీయించుకుందామని.

"రేపొక్క పూట ఓర్చుకో. ఇప్పుడు తీస్తే మల్ల ఎవరు పెడ్తరు? అమ్మ లొల్లి జేస్తది" అన్నాడు. మొగుడయ్యాక ఆయన నాతో మొట్టమొదట మాట్లాడిన నాలుగు మాటలూ అవే. ఆ రాత్రి లెన్సులతోనే పడుకున్నాను.

తెల్లారేసరికి కన్ను చింతనిప్పులా ఉంది. వెలుతురు చూడలేకపోతున్నాను. మా అత్తగారు ఏం చేసిందనుకున్నారు? దిష్టి తీసింది. "ఎవరి కండ్లు వడ్డయో ఏమో" అంటూ ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ పొగకు బాగున్న కన్ను కూడా మండింది. తరవాత పార్లర్ ఆవిడ వచ్చి, చూసి, "ఇప్పుడు తీస్తే ఇగ పట్టదు" అని చుట్టూ ఇంత కాటుక పులిమింది.

స్టేజీ మీద లైట్లు, కెమెరాలు. నాకు కన్నీళ్లు ధార కట్టాయి. వచ్చినవాళ్లంతా "తల్లిగారిల్లు యాదికొస్తుందా బిడ్డా?" అంటూ నా బుగ్గలు నిమిరారు. తల్లిగారిల్లు కాదు, నా కన్ను పోతోంది అని అరవాలనిపించింది. పక్కనున్న మనిషికి మళ్లీ చెప్పాను. "ఇంకో గంట" అన్నాడు కెమెరా వైపు నవ్వుతూ.

మర్నాడు కంటి డాక్టరమ్మ లెన్సు తీసి, నల్లగుడ్డు మీద పుండు పడిందని చెప్పి, మా అందరినీ నిలబెట్టి తిట్టింది. "పరీక్ష జేసి ఇచ్చిన లెన్స్ అయితే, చేతులు కడుక్కొని, దాని మందునీళ్లతోనే కడిగి, పండుకునే ముందల తీస్తే ఏం గాదు. ఒకరివి ఒకరికి పెట్టుడేంది? తాగే నీళ్లల్ల కడుగుడేంది? అద్దాలు పెట్టుకొని పెండ్లి జేసుకుంటే జైల్ల పెడ్తరా?" అంది. అప్పటికప్పుడు హైదరాబాద్ పంపింది. గంటగంటకూ చుక్కల మందు. పుండు మానింది గానీ మచ్చ మిగిలింది. కంట్లో పువ్వు అంటారు మావాళ్లు. ఆ కంటికి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. పెళ్లికి ముందే వచ్చి ఉంటే అద్దాలు పోయేలా లేజర్ గురించి ఆలోచించేవాళ్లం, ఇప్పుడు అదీ లేదు, లెన్సులూ లేవు, అద్దాలే గతి అన్నారు అక్కడి డాక్టర్లు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

మొన్న ఆడపడుచు శ్రీమంతంలో ఒక పెద్దావిడ నా కన్ను చూసి, ఏమైందని మా అత్తగారిని అడిగింది.

"ముందుగాలనుంచే ఉన్నదట. చెప్పకుంట మాకు అంటగట్టిన్రు" అంది మా అత్తగారు.

నేను ఫలహారం ప్లేట్లు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఒళ్లు భగ్గుమంది. దొంగే దొంగా దొంగా అని అరవడం వినడమే గానీ చూడటం అదే మొదలు.

"అత్తమ్మా, నేను మీ ఇంటికి రెండు కండ్లతోని వచ్చిన. మీరు నిలబెట్టిన స్టేజీ మీద ఒకటి పోయింది" అన్నాను, అందరూ వినేలాగే.

"సూడరా, నీ పెండ్లాం నోరు!" అని ఆమె కొడుకును పిలిచింది. ఆయన వచ్చాడు. నేల చూపులు చూస్తూ, "ఆమె తీయించమన్నదే అమ్మా. కార్ల అడిగింది, స్టేజీ మీద అడిగింది. నేనే వద్దన్న" అన్నాడు.

పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఎంత మంచోడు బిడ్డా నీ మొగడు, అందరి ముంగట ఒప్పుకున్నడు" అంది.

"కారు దవాఖానకు తిప్పి ఉంటే మంచోడే పెద్దమ్మా. ఇప్పుడు ఒప్పుకుంటే నాకు కన్నొస్తదా?" అని, ప్లేట్లు ఆయన చేతుల్లో పెట్టి లోపలికి వెళ్లిపోయాను.