గుడిసెకు గడిపె

కామాటిపురలో వరుస గదులున్న మా చాల్ కింది గదిలో ఆ ఆదివారం సాయంత్రం తెలుగు సంఘం వాళ్లు పద్యాలు చదివే పోటీ పెట్టారు. పద్యం రాసిన కాగితాలు మధ్యాహ్నం మూడింటిలోపు ఇవ్వాలి. బతుకంతా బిల్డింగులకు రంగులేసిన మా నాయిన డెబ్బై ఏళ్లకు మొదటిసారి ఒక ఆటవెలది రాశాడు, వాళ్లమ్మ మీద.

"జర చూడు బిడ్డా. తప్పులుంటే నలుగుర్ల ఇజ్జత్ పోతది" అని నా చేతికిచ్చాడు. నేను మరాఠీ బడిలో చదివాను. ఫోన్‌లో ఛందస్సు క్లాసులు వినడం మొదలుపెట్టి మూడు నెలలే.

ఇటుక మోసి మోసి ఇండ్లనెన్నో కట్టె
గుడిసెలోనె అమ్మ గడిపె బతుకు

ఇవి మొదటి రెండు పాదాలు. పెన్సిల్‌తో గురులఘువులు గుర్తుపెట్టాను. గణాలన్నీ సరిపోయాయి. రెండో పాదం యతి దగ్గర ఆగిపోయాను. మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు కుదరాలి.

"నాయినా, 'గు'కు 'గ' చెల్లదు. అచ్చులు కలుస్తలేవు."

"చెవికి మంచిగనే ఉన్నది గదా?"

"చెవి కాదు, లెక్క."

నాయిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

ఆయన కిందికి వెళ్లాక ఆ 'చెవికి మంచిగనే' అన్న మాట నన్ను కూర్చోనివ్వలేదు. గోడ గడియారంలో రెండుంబావు. క్లాసు చెప్పే మాస్టారికి ఫోన్ చేసి పాదం చదివాను.

"గుడిసె, గడిపె. రెండో అక్షరాలు చూశారా అమ్మా?"

డి. డి. రెండూ ఒకటే.

"అది ప్రాసయతి, యతికి బదులు రెండో అక్షరాలు కలిస్తే చాలు. ఆటవెలదిలో చక్కగా చెల్లుతుంది."

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా కిందికి పరుగెత్తాను. పోటీ జరిగే గది బయట నాయిన బల్లమీద కూర్చున్నాడు. కాగితం అప్పుడే ఇచ్చేశాడట. 'గడిపె' కొట్టేసి 'కుమిలె' అని పెట్టాడట.

"'గు'కు 'కు' కుదురుతది గదా. కానీ బిడ్డా, మా అమ్మ ఎన్నడు కుమల్లే. నవ్వుకుంటనే బతికింది. అబద్ధం రాసిన."

'గడిపె' చెల్లుతుందని, తప్పు నాదేనని చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూడలేదు. లోపలికెళ్లి కాగితం వెనక్కి అడిగితే, సంఘం కార్యదర్శి విసుక్కుంటూనే ఇచ్చాడు. మళ్లీ 'గడిపె' అని నేనే రాయబోయాను. ఆయన పెన్ను లాక్కుని, ఒక్కో అక్షరం దిద్దుతూ తానే రాశాడు.

సాయంత్రం ఆయన ఆ పాదం చదివేదాకా నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. బహుమతి రాలేదు. ఇప్పుడు ఇంకో పద్యం రాస్తున్నాడు. నేను దగ్గరికి పోతే కాగితం మీద చెయ్యి అడ్డం పెడతాడు.