ఎనిమిదో రోజు ప్రాక్టికల్

మొన్న మనుమరాలు ఫోన్‌లో కాలేజీ సెలవు దరఖాస్తు నింపుతూ కూర్చుంది. పండుగ పేరు రాయనక్కరలేదట, జాబితాలోంచి ఎంచుకుంటే చాలట. నేనూ కళ్లద్దాలు పెట్టుకుని జాబితా అంతా చూశాను. దేవుళ్లకేం లోటు లేదు. పీర్ల పండుగ చేసుకునే హిందువుకు మాత్రం ఇప్పటికీ అందులో చోటు లేదు.

అరవైల చివర నేను తార్నాకలో గది తీసుకుని, విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదువుతున్నాను. ఆ ఏడు మొహర్రం ఏప్రిల్ ఎండల్లో పడింది. మా ఊళ్లో పెద్ద పీరును, అంటే కర్రకు తొడిగి రంగు బట్టలు చుట్టిన వెండి పంజాను, మూడు తరాలుగా ఎత్తుకునేది మా ఇంటివాళ్లే. ఎత్తుకునేవాడు ఏడో రోజుకల్లా ఊళ్లో ఉండాలి. ఒక్కపొద్దుండి, నేల మీద పడుకుని, పదో రోజు దాంతో నిప్పుల గుండం తొక్కాలి. నాన్న లేడు. తాతకు మోకాళ్లు పట్టేశాయి. "ఈసారి నువ్వే ఎత్తుకోవాలె బిడ్డా" అని కబురు పంపాడు. సర్కారు సెలవు పదో రోజొక్కటే. నా ప్రాక్టికల్ పరీక్ష ఎనిమిదో రోజు.

ఉన్నదున్నట్టు రాసి ఆఫీసులో ఇచ్చాను. వారాసిగూడ నుంచి సైకిలు మీద వచ్చే గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, రిజిస్టరులోని గడుల మీద వేలు పెట్టాడు. "పేరు జూస్తే గట్లున్నది, పండుగ జూస్తే గిట్లున్నది. ఏ ఖానాల రాయాలె నిన్ను?" అన్నాడు. నాకూ తెలియలేదు. తెలివైనవాణ్ణి కనుక కాగితం చింపేసి, అక్క పెళ్లని కొత్తది రాసి నేరుగా మా ప్రొఫెసర్‌గారికి ఇచ్చాను.

ఆయనది రాయలసీమ. కాగితం చూసి, గోడమీది క్యాలెండరు చూసి, నన్ను చూశారు.

"పీర్లు లేసిన పది దినాల్లో పెండ్లి జేసే ఊరు యాడుందప్పా? మా పక్క ఈ దినాల్లో పసుపు గూడా దంచరు."

"అక్క పెండ్లి అయిపోయింది సార్."

"ఎప్పుడు?"

"నాలుగేండ్లాయె. ఇద్దరు పిల్లలు."

ఆయన నవ్వలేదు. నిజం చెప్పించుకుని, బ్యాచీల జాబితా తీశారు. తర్వాత, "నిన్ను పీర్లు అయినాక జరిగే ఆఖరి బ్యాచీలో ఏస్తా. బయట్నుంచొచ్చే ఎగ్జామినరు ఒప్పుకోవాల. ఆయప్ప కాదంటే నీ సంవత్సరం పోతాది. ఆలోచించి రేపు చెప్పు" అన్నారు.

నేను ధైర్యవంతుణ్ణని అంతవరకు ఎవరూ అనలేదు. తార్నాక దాకా నడిచాను, మళ్లీ క్యాంపస్‌కు నడిచాను. చదువు ఆగిపోతే నా తర్వాత మా ఇంట్లో ఇంకెవరూ కాలేజీ మెట్లు ఎక్కరని, తాత కోసమే ఆగుతున్నట్టు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మర్నాడు, ఊరికి పోకుండా పరీక్షకే ఉంటానని చెప్పాను. ప్రొఫెసర్‌గారు "సరే" అన్నారు. ఆయన ముఖం ఎందుకో చిన్నబోయింది.

ఎనిమిదో రోజు టైట్రేషన్ చేశాను. లేత గులాబీ దగ్గర ఆగవలసిన ద్రావణం ఒక్క చుక్క ఎక్కువై ముదురు గులాబీ రంగుకు తిరిగింది. అయినా పాసయ్యాను. గవదబిళ్లలని ఆగిపోయిన ఇద్దరిని ఆ ఎగ్జామినరు ఆఖరి బ్యాచీలో తలెత్తి చూడకుండానే కూర్చోబెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

సెలవులకు ఊరికి పోయేసరికి తాత అరికాళ్లకు కలబంద రాసుకుంటున్నాడు. నేను రాలేదని పీరును తనే ఎత్తుకున్నాడు. గుండం మధ్యలో మోకాలు మొరాయించింది. నిప్పుల మీద ఆగకూడదు, ఆగాడు.

"పరీక్ష మంచిగ చేసినవా?"

"చేసిన తాతా. ఒక్క చుక్క ఎక్కువైంది."

"పోనీ తియ్. నాది గూడ ఒక్క అడుగే."

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ పీరు ఎత్తుకోలేదు, నన్ను ఎత్తుకోమని అడిగినవాళ్లూ లేరు. మొహర్రం ఏడాదికి పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, చలికాలమూ వానాకాలమూ అన్నీ చుట్టి, ముప్పై మూడేళ్లకు మళ్లీ ఆ ఏప్రిల్ ఎండల్లోకి వచ్చింది. ఆ ఏడు నా సెలవుకు ఎవరూ కారణం అడగలేదు. ఊరికి పోయి, గుండం అంచున జనంలో నిలబడ్డాను. పీరు ఎత్తుకున్నది ఎవరి మనుమడో పక్కవాణ్ణి అడిగి తెలుసుకోవలసి వచ్చింది. తప్పిపోయిన రోజు కూడా తిరిగి వస్తుంది, కాకపోతే మన పేరు మరిచిపోయి వస్తుంది.