నంబరు లేనిదే కదలని బండి

గదిలో ఉన్నవి ఇవి: ఐదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ప్లైవుడ్ ముక్క ఒకటి. విరిగిన గొడుగుల నుంచి తీసిన ఇనుప కడ్డీలు పన్నెండు. పుల్లైసు పుల్లలు ఒక కట్ట. సోల్డరింగ్ ఐరన్, పేస్టు డబ్బా, కత్తెర, టేపు. ఉన్నవాళ్ళు ఇద్దరం: నేల మీద కూర్చున్న నేను, గడప దగ్గర బీరకాయలు చెక్కు తీస్తున్న నా భార్య సుజాత. భూపాలపల్లిలో మా క్వార్టర్, ఆదివారం ఉదయం. ఐరన్ మొనను పేస్టులో ముంచి కడ్డీకి తాకించగానే తెల్లటి పొగ లేచింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా చేయి ఆగిపోయింది. "చెయ్యి కాలిందా?" అని సుజాత అడిగింది. కాలలేదని చెప్పాను. ఆమె గౌస్ చాచాను ఎన్నడూ చూడలేదు. ఆయన గురించి ఆమెకు ముక్కలుముక్కలుగా చెప్పాను గానీ మొదటి నుంచి చివరి దాకా ఎన్నడూ చెప్పలేదు. ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు మహబూబాబాద్ దగ్గరి మా తండా నుంచి వచ్చి, జనగామలో ఒక గది అద్దెకు తీసుకుని ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతుండేవాణ్ణి. స్టేషన్ వెనుక సందులో పెంకుటిల్లు అది. మధ్యగోడ కప్పు దాకా లేదు. గోడకు ఇవతల నేను, అవతల గౌస్ చాచా, జైనాబీ చాచీ. చాచా రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. చాచీకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. నేను ఆ ఇంట్లో దిగిన రెండో వారంలో, గోడ మీది నుంచి ఇదే వాసన, దాని వెనకే ప్లాస్టిక్ కాలిన కంపు వచ్చాయి. పరుగెత్తి తలుపు కొట్టాను.

"చాచా, నేను పక్క రూం రవీందర్‌ను. ఏదో కాల్తున్నట్టుంది."

"కాల్తలేదు బేటా. కాలిపోయింది," అన్నాడాయన తలుపు తీసి, ఏమీ కానట్టుగా.

"ఇల్లు గూడ కాలవెట్టుమను, ఒక పని అయిపోతది," అని మంచం మీది నుంచి చాచీ అంది. "అడుగు ఆయన్ను. గిది మూడో డబ్బా."

ఆమె అన్న డబ్బా, కరెంటు తగ్గించి ఇచ్చే టేప్‌రికార్డర్ ఎలిమినేటర్. అది పొగలు కక్కుతోంది. పక్కనే బల్ల మీద గొడుగు కడ్డీలతో వేసిన పట్టాలు, వాటి మీద జర్దా డబ్బా రేకుతో చేసిన ఇంజను ఉన్నాయి. ఇంజనుకు టేప్‌రికార్డర్ మోటారు. అలాంటి చక్రాలను మాత్రం నేను ఎక్కడా చూడలేదు: చాచీ కుట్టుమిషన్ బాబిన్లను సగానికి కోసి చేశాడు. ఒక అంచు పట్టా లోపలి వైపు ఒరిగి ఉంటుంది, మధ్య భాగం పట్టా మీద దొర్లుతుంది. ఇంజనీరింగ్ చదవని మనిషి ఆలోచన అది. ఒక్కటే తప్పు. ఇరుసుకు సైకిల్ చక్రపు ఇనుప పుల్ల వాడాడు. ఒక పట్టాలోని కరెంటు ఇరుసు గుండా నేరుగా రెండో పట్టాలోకి పోతోంది. మర్నాడు వెదురుపుల్లలు చెక్కి ఇరుసులు మార్చాను. ఎలిమినేటర్ కాలలేదు. ఇంజను కదిలింది, బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఊగుతూ పోయింది. చాచా నా భుజం మీద చరిచాడు. చాచీ తల తిప్పి, బండి ఆగేదాకా చూసింది. తర్వాత, "గేటు ఏది? గేటు లేకుంటే బండి ఎవని కోసం కూత పెడ్తది?" అంది.

వాళ్ళిద్దరూ జీవితంలో ఎక్కువ భాగం రఘునాథపల్లికీ జనగామకూ మధ్య ఒక రైల్వే గేటు దగ్గరి కాపలా గుమ్టీలో, దాని వెనుక ఒంటిగది ఇంట్లో గడిపారు. ఆమె బియ్యం ఏరినా, బట్టలు కుట్టినా, పిల్లను పెంచినా ముందు నుంచి బండ్లు పోతూనే ఉండేవి. పక్షవాతం వచ్చాక ఈ సందులోకి మారారు. ఇక్కడికి బండి చప్పుడు వినిపిస్తుంది, బండి కనిపించదు. ఆ చప్పుడు విని ఆమె పేరు చెప్పేది, ఆలస్యమైతే తిట్టేది. ఒకరోజు, "ఇనుడే ఉన్నది గని చూసుడు లేకపాయె," అందట. ఆ మాట మీద చాచా బల్ల కొన్నాడు.

ఆ గది పదడుగులకు పదడుగులు. మంచం, సందుక, కుట్టుమిషన్, పొయ్యి, నీళ్ళ బిందెలు పోను మిగిలింది మంచం పక్క గోడ మాత్రమే. ఆ గోడకు బల్లను మడతబందులతో బిగించాం. దించితే బల్ల సరిగ్గా ఆమె కళ్ళ ఎత్తుకు వచ్చేది. చాచా నమాజుకు జాగా కావలసినప్పుడు పైకి మడిచేవాళ్ళం. బల్ల వెడల్పు పద్దెనిమిది అంగుళాలు కాబట్టి మలుపు వ్యాసార్థం ఎనిమిది అంగుళాల కన్నా ఎక్కువ రాదు. ఆ మలుపులో పొడవు పెట్టెలు తిరగవు. మూడు పెట్టెలు కట్టి చూశాం, పడిపోయాయి. పొడవు తగ్గించాం, మళ్ళీ పడ్డాయి. చివరికి ఇంజను, రెండు పొట్టి పెట్టెలు మిగిలాయి. నేను లెక్కలు వేస్తుంటే చాచా పెట్టెలను చేత్తో తోసి, వేలితో తడిమి, ఎక్కడ ఒరుగుతున్నాయో చెప్పేవాడు. నా లెక్క, ఆయన వేలు ఎప్పుడూ దగ్గరదగ్గరగానే తేలేవి. తేడా వస్తే పట్టా ఆయన చెప్పినట్టే ఉండేది. వాళ్ళ పాత గుమ్టీ దగ్గరి వేపచెట్టు బల్ల మీద గేటుకు ఎడమ పక్కా కుడి పక్కా అని మాత్రం మేమిద్దరం నిర్ణయించలేదు. "నా చెట్టు నాకు తెల్వదా? ఎడమకు," అని చాచీ మూడుసార్లు పీకించి మళ్ళీ పెట్టించింది.

గేటు వచ్చాక రూలు వచ్చింది. గేట్‌మన్ తనకు తోచినప్పుడు గేటు మూయడు, తెరవడు. స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసి ప్రతి బండికీ కొత్తగా రెండంకెల నంబరు ఒకటి చెబుతాడు. అది పుస్తకంలో రాసుకున్నాకే చేయి కదలాలి. వాళ్ళ భాషలో దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. చాచా ఆ పద్ధతిని బల్ల మీదికి తెచ్చాడు. గోడకు ఇవతలి నుంచి నేను స్టేషన్ మాస్టర్‌ని. "గౌస్, అప్ బండి, నంబర్ ముప్పై ఆరు" అని నేను అరిస్తే ఆయన గళ్ళ పుస్తకంలో రాసుకుని, చీపురుపుల్ల గేటు దించి, అప్పుడు స్విచ్ వేసేవాడు. ఒకసారి చదువు ధ్యాసలో ఉండి వరుసగా రెండు బండ్లకు ఒకటే నంబరు చెప్పాను. బండి కదలలేదు. ఆయన మా గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"నకలు బండే గదా చాచా," అన్నాను.

"చెయ్యి నకలుది గాదు గద బేటా," అన్నాడు. కూర్చుని, కొత్తగా నౌకరీలో చేరినప్పటి సంగతి చెప్పాడు. ఒక బండి పోయింది. ఎడ్లబండి అతను "జల్ది తియ్యి సాబ్, ఎండకు ఎడ్లు ఆగుతలెవ్వు" అన్నాడు. స్టేషన్‌ను అడగకుండా చాచా గేటు తీశాడు. ఎదురు లైనులో గూడ్సు వచ్చింది. మనిషి దక్కాడు, ఒక ఎద్దు పోయింది. "ఆ ఎద్దు కండ్లు నాకు యాదికున్నయి. గా దినం సంది నంబర్ లేకుంట నా చెయ్యి లేవదు. లేపుదామన్నా లేవదు." అప్పటి నుంచి నేను నంబర్లు శ్రద్ధగా చెప్పాను. ఈనాడు నాలో క్రమశిక్షణ ఏదైనా ఉంటే అది ఆ సాయంత్రం మొదలైంది.

ఆ యేడు తెలంగాణ ఉద్యమం ప్రతి ఇంట్లోకీ వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి, దఫ్తర్లకు తాళాలు పడ్డాయి, రోడ్ల మీదే వంటలు చేసుకుని తిన్నాం. సినిమాల్లో మా మాటను వెక్కిరిస్తే అన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నవాళ్ళం, ఊరుకోవడం మానేశాం. చాచా కూడా ఊరేగింపుల్లో నడిచేవాడు. "ఫోన్ల నా మాట ఇని అవతల నవ్వెటోళ్ళు బేటా. నంబర్ జెప్పుడు మరిచి నవ్వెటోళ్ళు," అని ఒకసారి చెప్పాడు. రెండు రోజుల రైల్ రోకోకు పిలుపు వచ్చింది. నేను స్నేహితులతో రఘునాథపల్లి దగ్గర పట్టాల మీద కూర్చోవడానికి బయల్దేరాను. వెళ్ళేముందు కాగితం జెండా ఒకటి చేసి, అగ్గిపుల్లకు అంటించి, బల్ల మీది పట్టాల మధ్య గుచ్చాను.

"చాచా, స్టేషన్ మాస్టర్ హుకుం. మన లైన్ గూడ బంద్."

"జై తెలంగాణ!" అని చాచా సెల్యూట్ కొట్టాడు.

"అరే తండా లీడర్, నా బండి నీకేం జేసిందిరా?" అంది చాచీ. "ఢిల్లీకి పోతదా అది? దర్వాజ దాక గూడ పోదు."

ముగ్గురం నవ్వాం. నేను చెప్పులు వేసుకుంటుంటే చాచా వాకిట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "ఏమన్న గని, రెండు నంబర్లు రాసిచ్చి పోతవా? మీ చాచీ అడుగుతది."

"ఒకరికి సడలిస్తే ఇగ బంద్ ఏంది చాచా? అసలు బండ్లే ఆగినంక నకలు బండి తిరిగితే నలుగురు నవ్వుతరు."

"గది గూడ నిజమే," అన్నాడాయన.

రెండు రోజులు పట్టాల మీద ఉన్నాం. పాటలు పాడాం, పులిహోర తిన్నాం, ఎండకు తలల మీద తువ్వాళ్ళు కప్పుకున్నాం. పట్టా మీద చేయి పెట్టి చూశాను. ఎండ వేడి తప్ప అదురు లేదు. మేము ఆపగలిగామన్న గర్వం నాకు కలిగింది. ఆ గర్వం తప్పని ఇప్పటికీ అనుకోను. అందుకే ఈ సంగతి రాయడం కష్టంగా ఉంది.

మూడో రోజు ఉదయం సందులోకి రాగానే చాచా వాకిట్లో చెప్పుల జతలు కనిపించాయి. ఇరవైకి పైనే ఉన్నాయి. జనాజా లేవడానికి సిద్ధంగా ఉంది. చాచా నా చేయి పట్టుకున్నాడు. "మీ చాచీ పోయింది బేటా. నిన్న పొద్దుగూకేటాళ్ళకు. మల్ల గదే పక్షవాతం వచ్చింది. దవాఖానకు ఆటో మాట్లాడే లోపల్నే అయిపోయింది." లోపల బల్ల గోడకు మడిచి ఉంది. జెండా తీయకుండానే మడిచినట్టున్నారు, అగ్గిపుల్ల విరిగి కింద పడి ఉంది. ఏరి జేబులో వేసుకున్నాను. భుజం పట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ నంబర్ల మాట చాచా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నెల తిరగకముందే ఆయన మహబూబాబాద్‌లో కూతురింటికి వెళ్ళిపోయాడు. బల్ల పొయ్యిలోకి పోయింది. ఇంజను నాకిచ్చాడు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. నాకు ఇటువైపు కరెంటు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. మా పనిలోనూ నంబరు ఉంది. లైను మీద మనిషి ఎక్కేముందు కరెంటు ఆపినట్టు కాగితం రాసి, నంబరు ఇచ్చిపుచ్చుకోవాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నంబరు లేకుండా నా చేయి స్విచ్ మీదికి పోలేదు. నా మీద నమ్మకంతో మనుషులు స్తంభాలు ఎక్కుతారు, ఇళ్ళకు వెళతారు. ఆ నమ్మకం చాచా ఇచ్చిందే. అందువల్ల ఆ రూలును నేను తిట్టలేను. దాన్ని ఎక్కడ దింపి పెట్టాలో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

చాచాను చివరిసారి చూసింది మహబూబాబాద్‌లో, కూతురింటి వసారాలో. బాగా చిక్కిపోయాడు. మా ప్లాంటు కబుర్లన్నీ విని, చాయ్ తాగాక, "నీకొకటి చెప్పలే బేటా," అన్నాడు.

"చెప్పు చాచా."

"గా బంద్ రెండోనాడు పగటీలి మీ చాచీ అడిగింది. 'ఒక్కసారి నడుపు, జర చూస్త' అన్నది. 'నంబర్ లేదు' అన్న. 'నేనిస్త, రాస్కో' అన్నది. నంబర్ జెప్పింది. నేను నవ్విన. 'నువ్వెప్పటి సంది స్టేషన్ మాస్టర్‌వైనవ్?' అన్న. ఆమె గూడ నవ్వింది. నవ్వి అటు మల్లి పండుకున్నది."

నేను అడిగాను. "నంబర్ రాస్కున్నవా చాచా?"

"చెప్పినంక రాయకుంట ఉంటనా? రాసిన." కప్పు కింద పెట్టాడు. "బండి ఇడ్వలే. నువ్వొచ్చి చూస్తే, బంద్ ఇరిచినవంటవేమో అనుకున్న."

అనేవాణ్ణే. నవ్వుతూనే అయినా, అని ఉండేవాణ్ణి.

రెండు నెలలకు ఆయన పోయాడు. గళ్ళ పుస్తకం కూతురు నాకు పంపింది. ఈ కొత్త బల్ల మీద బండిని ఎవరు అడిగినా, ఎప్పుడు అడిగినా నడుపుతాను. నంబరు అడగను, రాయను. పుస్తకం మాత్రం బీరువాలో ఉంది. గళ్ళు నాలుగు: బండి, నంబరు, ఇచ్చినవారు, పోయిన వేళ. అన్ని వరుసల్లోనూ ఇచ్చినవారు రవీందర్. చివరి వరుసలో జైనాబీ. పోయిన వేళ ఖాళీ. నంబరు 47.